ఏడు కిలోలు

తవావు విమానాశ్రయంలో బోర్డు మీద
ఒకే విమానం, రెండు నంబర్లు,
ఇంట్లో ఒక పేరు, బళ్లో ఒక పేరు ఉన్న పిల్లాడిలా.
రెండు కంపెనీలు చేతులు కలిపాయట.
కౌంటర్ పిల్ల మెడలో పాత కంపెనీ స్కార్ఫు,
జేబు మీద కొత్త కంపెనీ బిళ్ల.

"ఏడు కిలోలే, బెద్దు బాబాయ్."
నా సంచి పదకొండు తూగింది.
ఎండుచేపలు తీశాను, పాలపొడి డబ్బా తీశాను,
చొక్కా మీద చొక్కా, దాని మీద ఇంకోటి తొడిగాను.
పామాయిల్ గెలలు కోసే కొడవలిని ఎటూ రానివ్వరు.

ఓడలో అయితే ఎవడు తూచాడు?
రెండు రాత్రులు డెక్కు మీద చాపేసుకుని
హస్నవియాకి ఏం చెప్పాలో
ఒక్కో మాటా పేర్చుకునేవాణ్ని:
ఇన్నేళ్లు ఎందుకు రాలేదో,
డబ్బు ఏ నెల ఎందుకు ఆగిందో.
పారెపారె రేవు దీపాలు కనపడేసరికి
కొన్ని అబద్ధాలు సముద్రంలో జారిపోయేవి.

ఇప్పుడు టికెట్టు ఓడకన్నా చవక.
బెల్టు పెట్టుకున్నాను. మబ్బు చూశాను.
మొదటి వాక్యం దగ్గరే ఉన్నాను,
చక్రాలు మకస్సర్ నేలను తాకాయి.

గేటు దగ్గర తను.
మూడు చొక్కాల్లో చెమటలు కక్కుతూ నేను.

"ఒళ్లు చేసినట్టున్నావు," అంది.