చెనిక్కాయల లెక్క

రెండో శనివారం. అనంతపురం పెద్దాసుపత్రి, మేడమీద గది.
పదకొండు కుర్చీలు. మొగోణ్ణి నేనొక్కణ్ణే.
తాడిపత్రిలో బండల పాలిష్ మిషన్ మీద పని నాది;
ఉతికిన చొక్కా తొడుక్కున్నా
మోచేతి మడతల్లో రాతిపొడి పోలేదు.

డాక్టరు చీటీలో ఏడీహెచ్‌డీ అని నాలుగక్షరాలు.
మా వీధిలో దానికి పేరు: పెంపకం సరిలేదు.

నిర్మలమ్మ మేడమ్ అడిగింది,
పొద్దున లేచినప్పట్నుంచి బిడ్డతో
ఎక్కువసార్లు అనే మాట ఏదని.
సింగనమల సుంకమ్మవ్వ అనింది: "గమ్మునుండు."
కానిస్టేబుల్ పెండ్లాం అనింది: "గమ్మునుండు."
నా వంతొచ్చేసరికి
అందరూ నా నోరే చూస్తాండారు, నవ్వుతా.
నేనూ నవ్వబోయినా. గొంతులో ఏందో అడ్డంపడింది.

మార్చొద్దు, మానొద్దు, ఈ వారం ఊరికే లెక్కపెట్టండి అనింది.
అన్నప్పుడల్లా గిన్నెలో ఒక చెనిక్కాయ.

ఆదివారం పొద్దు మునిగేసరికి గిన్నె నిండింది.
లెక్కపెడదామని పోతే
అన్నీ పొట్టు.
మా కుల్లాయప్ప, ఎనిమిదేండ్లోడు,
నేనన్న గమ్మునుండులన్నీ వొలుచుకోని తినేసి
మిద్దెమెట్ల మీద నుంచి దూకుతాండాడు.
మస్తానమ్మ కొంగు నోట్లో పెట్టుకోని నవ్వింది.
ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో, దానికి లెక్కలేదు.

మలిసారికి చిక్కొచ్చింది. పొగడమనింది.

బిడ్డను మొగం మీద పొగిడితే ఆయుసు తరుగుతుందని
మా జేజి మా నాయన నోరు మూయించింది.
నేను ఏడో తరగతి పాసైన దినం
గోడకానుకోని నిలబడినా
ఆయన బీడీ అయిపోయేదాకా.
లేచి పనికి పోయినాడు.
ఇంగ నాకు యాడ నుంచి వస్తాది ఆ మాట?

సుంకమ్మవ్వ తీర్పు చెప్పింది:
"పగలంతా పొగుడు నాయనా,
రాత్రికి ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వెయ్."
మేడమ్ దాన్ని పుస్తకంలో రాసుకునింది.

బంగారం, వజ్రం అని కాదంట,
చేసిన పని పేరు పెట్టి చెప్పాలంట.
పని చెప్పేటప్పుడు ఒక్కసారికి ఒక్కటేనంట.
నేనేమో ఇంతకాలం
నీళ్లు పోసుకో, బ్యాగు తియ్, పాలు తాగు, చెప్పులు యాడ పడేసినావ్ అని
లారీకి బండలెత్తినట్లు
వాని నెత్తిన ఎత్తతానే ఉండినా.

మిషన్ రొదలో ఎవరికీ వినపడదు కదా,
అరిచి అరిచి అలవాటు చేసుకున్నా:
చెప్పులు గూట్లో పెట్టినావు.
రెండు లెక్కలు లేవకుండా చేసినావు.
పక్క మిషన్ ఓబులేసు సైగ చేసినాడు, ఎవరినిరా తిట్టేది అని.

నిన్న బడిలో కిటికీరెక్క ఊడబెరికినాడు మావోడు.
పిలిపించినారు. తలొంచుకోని సంతకం పెట్టినా.
తిరిగొస్తాంటే రైల్వేగేటు పడింది.
సిమెంటు గూడ్సు, పోతానే ఉంది, పోతానే ఉంది.
నా చెయ్యి విదిలించుకోలేదు. పెదాలు కదుపుతా నిలబడినాడు.
"నాయనా, యాభై తొమ్మిది డబ్బాలు."

"యాభై తొమ్మిదీ నిలబడి లెక్కపెట్టినావు రా," అన్నా.

ఎవరితో అంటాండానో అని
వెనక్కి తిరిగి చూసినాడు.

రాత్రి ఉప్పు తిప్పుదామంటే నిలబడడే.
మంచం మీదికి, గడప బయటికి, మళ్లా లోపలికి.
వాని వెనక నేను,
పిడికిట్లో ఉప్పు చెమ్మగిల్లతా.