మచ్చుకాయలు

హాజరుపట్టీలో ఉన్నవి రెండు మాటలే.
వచ్చారు, రాలేదు.
మూడోది కావాలంటే
ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
"ఫోనులో ఉన్న పిల్లని ఏమని రాస్తావమ్మా,
వచ్చిందనా, ఉందనా?"

జవాబు లేకుండానే జూన్ గడిచింది.
బ్రాడీపేటలో మా డాబా మీద
పాత హాల్‌టికెట్ల వెనకవైపున
మూడో సెమిస్టరు స్టాటిస్టిక్స్‌ని
ముక్కలుగా కోశాను.
ఇది గదిలో చెప్పాలి,
ఇది రికార్డు చేసి పెట్టాలి,
ఇది ఎవరికి వాళ్ళు
బస్సులోనో పెట్రోలు బంకులోనో చూసుకోవాలి.
కాగితం మీద అంతా కుదిరింది,
పెళ్ళి భోజనాల లెక్కలాగా.

మొదటివారం ఇరవై నిమిషాలు
మైకు నొక్కకుండా చెప్పాను.
రెండోవారం కరెంటు పోయింది.
మూడోవారం ఒక జోకు వేస్తే
బెంచీలు నవ్వాయి,
ఫోన్లు నాలుగు సెకన్ల తర్వాత
"ఏమైంది మేడం?" అన్నాయి.
ఆ నాలుగు సెకన్లు
రాత్రి నాతోపాటు ఇంటికొచ్చాయి.
రికార్డింగు పెట్టి చూసుకుంటే
సుద్దముక్క పట్టుకుని
నల్లబల్లతో మాట్లాడుతున్న ఎవరో ఆవిడ.

అయినా బండి నడుస్తోందనే అనుకున్నాను.
ముందు రెండు బెంచీలు తలలూపుతున్నాయి.
ఏటుకూరు నుంచి సైకిలు మీద వచ్చే వీరరాఘవ
అడగకముందే జవాబు చెబుతున్నాడు.
ఊగే తలలుంటే పంతులికి ఇంకేం కావాలి.

శాంపిల్ పాఠం వచ్చింది.
పుస్తకంలో ఎప్పట్లాగే
సంచిలో ఎర్రబంతులు, నల్లబంతులు.
నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో
ఆ బంతులతో ఆడుకున్న పిల్లలు ఒక్కరూ తగల్లేదు.
"రాసి పంపండి, ఫొటో తీసి పంపండి,
లేదా నోటితో చెప్పండి.
ఆదివారం రాత్రి దాకా గడువు."

సోమవారం, తెల్లవారి అయిదింటికి
ఒక వాయిస్ వచ్చింది.
నెలన్నరగా నల్లటి గడిగా మాత్రమే తెలిసిన
మస్తాన్‌బీ.
వెనకాల ఆడవాళ్ళ మాటలు, దగ్గు,
రేకుల షెడ్డు కింద ఫ్యాను రొద.

"మేడం, బంతుల సంగతి నాకు తెలీదు.
అమ్మా నేనూ మిరపకాయల తొడిమలు తీస్తాం.
కొనేవాళ్ళు టిక్కీ మూతి విప్పి
గుప్పెడు మచ్చు తీసి ధర కడతారు.
పైన తేజ కాయ మెరుస్తా ఉంటది.
మా ముందు బోర్లిస్తేనే కదా
అడుగున తాలు కనపడేది.
చెయ్యి మోచేతి దాకా దించకపోతే
మీరు చెప్పిన సగటు తప్పు మేడం.
ఆలస్యమైంది, మార్కులు తగ్గించుకోండి."

రెండుసార్లు విన్నాను.
మూడోసారి వింటూ హాజరుపట్టీ తెరిచాను.
ఇన్నాళ్ళూ నేను గుప్పెడు తీసింది
ముందు రెండు బెంచీల్లోంచి.

హాల్‌టికెట్లు మళ్ళీ బయటికొచ్చాయి.
ఆదివారం కొట్టేసి
'పని దిగాక' అని రాశాను.
గంట వీడియోలోంచి నా మొహం తీసేసి
పన్నెండు నిమిషాల గొంతు ఉంచాను,
చేతులు ఖాళీ లేనివాళ్ళకి
చెవులైతే ఉన్నాయి కదా అని.
గ్రాఫుని గొంతుతో ఎలా గీయాలో
ఇప్పటికీ సరిగ్గా చేతకాదు.
కొండలాగా ఉంటుందన్నాను.
కాదు కాదు, కళ్ళంలో పోసిన కాయల రాశిలాగా,
నడుమ ఎత్తు, అంచుల్లో పల్చన, అన్నాను.
ఒకరిద్దరికి అందింది.

గురువారం
చుట్టుగుంట నుంచి ఆటోలో ఒక టిక్కీ తెచ్చి
బల్ల పక్కన మూతి విప్పాం.
కెమెరా నావైపు కాదు, దానివైపు.
స్పీకర్లోంచి మస్తాన్‌బీ
"ఇంకా లోపలికి, ఇంకా" అంటుంటే
వీరరాఘవ చెయ్యి మోచేతి దాకా దిగింది.

ఆ తర్వాత కాసేపు
గదిలో నలభై ఒక్కమందిమి తుమ్ముతూనే ఉన్నాం.
ప్రిన్సిపాల్ గారు గుమ్మం దాకా వచ్చి
ముక్కు మూసుకుని వెనక్కి తిరిగారు.
"అలవాటు లేదా మేడం?"
ఈసారి ఫోన్లు ముందు నవ్వాయి,
గది ఇంకా కళ్ళు తుడుచుకుంటోంది.

పట్టీలో ఆ పూట గడి
ఇంకా ఖాళీగానే ఉంది.
పెన్ను పట్టుకోబోతే
వేళ్ళు మండుతున్నాయి.