అరవై రెండో టీపాటు

బర్స్‌లెంలో వాన పట్టి ఇది మూడో రోజు.
పాత పింగాణీ కార్ఖానా మేడమీది గదిలో
నేనూ, ఒక హీటరూ, తెరమీద ఒక టీపాటూ.
శుక్రవారానికి కేటలాగు అచ్చుకు వెళ్లాలి.

క్లైవ్ చీటీ రాసి పెట్టాడు:
గోడ వద్దు, బల్ల వద్దు, చెయ్యి వద్దు.
వెనక ముదురు నీలం.
ఆవిరి మాత్రం ఉండాలి.
రాయడానికేం, చీటీకి నొప్పా.

ముందు పెన్ టూల్ అందుకున్నాను.
చుక్క పెట్టి, చుక్క దగ్గర గీతను వంచి,
మెలికల ముగ్గు చుట్టినట్టు చుట్టుకొచ్చాను
మూత బొడిపె, భుజం, బొజ్జ, అడుగు.
కొమ్ము దగ్గర రెండు చుక్కలు ఎక్కువయ్యాయి, తీసేశాను.
చుక్కలు తగ్గితేనే గీతకు ఊపిరాడేది,
మా పెద్దమ్మ వాకిట్లో అనేది ఈ మాట.
పిడి లోపలి సందుకు ఇంకో గీత, తీసివేతకు.
సందులోంచి ఇటుకలు పోయి నీలం వచ్చింది.

వెక్టర్ మాస్క్ అంటే మాటంటే మాటే.
లోపల, లేదా బయట.
పోస్టరంత పెంచినా అంచు చెదరదు,
తడి దారంతో కోసిన జున్ను.

ఆవిరి దగ్గర ఆ పంతం సాగదు.
దానికి మెత్తని బ్రష్షు, పది శాతం బలంతో,
పిక్సెల్ మాస్క్ మీద.
తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు
అనుకునే అమాయకురాలే ఇదీ:
తెలుపైతే చూపిస్తుంది, నలుపైతే దాస్తుంది.
కాకపోతే ఆ రెంటి నడుమ
రెండువందల యాభై నాలుగు బూడిదరంగులు ఎరుగును.
ఆవిరి కాపురముండేది అక్కడే.

రెండు మాస్కులూ ఒకే పొరకు తగిలించాను.
ఆవిరి మాయం!
ఇద్దరూ ఔనన్నచోటే బొమ్మ కనిపిస్తుందట.
గీత కాదన్నాక బ్రష్షు ఎంత బతిమాలితే ఏం?
పదకొండేళ్ల అనుభవం పెట్టుకుని
ఇది గుర్తు రావడానికి నాకు
ఒక మధ్యాహ్నం, రెండు బిస్కట్లు పట్టాయి.

పొరను రెండు చేశాను.
కుండకు గీత, ఆవిరికి బ్రష్షు, వేరు కాపురాలు.

ఇక మిగిలింది చెయ్యి.
మూత అంచున డొరీన్ బొటనవేలు.
అరవై ఒకటో ఫొటోలోంచి మూత ముక్క తెచ్చి
వేలిమీద అతికించాను.
బయటి అంచు గీత చూసుకుంది,
లోపలి అతుకు బ్రష్షు చూసుకుంది,
ఒకే పొరమీద, పేచీ లేకుండా.
అప్పుడప్పుడూ ఇలా కుదురుతుంది.

ఐదింటికి డొరీన్ మెట్లెక్కి వచ్చింది,
ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ మూతలకు
నీలం పువ్వులు వేస్తున్న డొరీన్ టన్నిక్లిఫ్.
తెరకేసి చూసి, అద్దాలు సర్దుకుని
"నా చెయ్యేది?" అంది.

అతుకు పొర కన్ను మూశాను.
షిఫ్ట్ నొక్కి మాస్కుల మీద ఒక్కో క్లిక్కు.
గోడ వచ్చింది, బల్ల వచ్చింది,
బల్లమీది రంగు గిన్నె వచ్చింది,
గోరు కింద కోబాల్టు మరకతో సహా
వేలు వచ్చి మూతమీద కూర్చుంది.
దాచానే గాని ఏదీ చెరపలేదు.

ఆమె చాలాసేపు చూసింది.
"కడుక్కుని రావాల్సింది," అని
గోరును ఏప్రన్‌కి తుడుచుకుంది.