కళ్ళు తిరగడం

హల్ ఊరి ఆస్పత్రిలో, మూడో అంతస్తులో
మంగళవారాలు నా పని
ఒకరి నోట్లోది ఇంకొకరి చెవిలో వేయడం.
గంటకింతని.

ఆ వేళ పైడితల్లి వచ్చింది.
హోటలు లాండ్రీలో దుప్పట్లు ఉతికే మనిషి.
"తొంగుంటే చాలు, కళ్ళు తిరిగిపోతన్నాయమ్మా.
ఆ మిషన్ని చూసీ చూసీ
దానిలాగే అయిపోనాను."

పక్క కుర్చీలో ఆల్డ్రెడ్ గారు,
చేతికర్ర మోకాళ్ళ మధ్య ఇరికించుకుని.
కాలేజీలో పాత ఇంగ్లీషు చెప్పేవారట,
వినేవాళ్ళు నలుగురుంటే ఆ ఏడు పండగట.
"డిజ్జీ అంటే ఏమిటో తెలుసా?
వెయ్యేళ్ళ కింద, తెలివితక్కువవాడు.
తల తిరగడం తర్వాతెప్పుడో వచ్చి చేరింది.
నా భార్య మాత్రం నా విషయంలో
పాత అర్థాన్నే వాడేది."

తలతిక్క అంటామే మనం,
ఇంచుమించు అదే సందు అనుకున్నాను.

"మరి గిడ్డీ?" అన్నాను.
ఆయన కర్ర పైకెత్తి కప్పు వైపు చూపించారు.
"దేవుడు పట్టినవాడు."

పైడితల్లికి చెప్పాను.
"పూనకవా?" కొంగుతో నోరు మూసుకుని నవ్వింది.
"మా పెదమావకొచ్చీది.
నాకెందుకొస్తాది? ఇక్కడ యాపమండేదీ?"

లోపల డాక్టరు అడిగాడు, ఏమిటి బాధ అని.
నేను "డిజ్జీ" అన్నాను.
రాసుకున్నాడు.
నెల రోజుల నిద్రలేని రాత్రులు
అయిదక్షరాల్లో పట్టేశాయి.

ఆమె కళ్ళకి నల్లటి అద్దాలు తొడిగి
తల ఒక పక్కకి తిప్పి, గబుక్కున వెల్లకిలా పడుకోబెట్టాడు.
గోడ మీద తెరలో ఆమె రెండు కళ్ళు,
పళ్ళేలంత.

తిరుగుతున్నాయి.

నిజంగానే. నల్లగుడ్లు మెల్లిగా జారి
చటుక్కున వెనక్కొచ్చి, మళ్ళీ జారి,
గాలివాటుకి ఆగని గిరకల్లా.
"చెవి లోపల సున్నపు రవ్వలు
చోటు తప్పాయి, అంతే" అన్నాడు డాక్టరు.
"ఆమె కళ్ళు చూడండి, ఎలా తిరుగుతున్నాయో!"

ఆవిడ మొదట చెప్పింది అదేగా.
మధ్యలో నేనే
వెయ్యేళ్ళ నాటి మూర్ఖుణ్ణి తెచ్చి కూర్చోబెట్టాను.

తలని అటు తిప్పి, ఇటు తిప్పి,
లెక్కపెట్టి లేపాడు.
పైడితల్లి మంచం అంచు పట్టుకుని
కిటికీని, సింకుని, నన్ను
ఒక్కొక్కటిగా చూసుకుంది.
"ఆగినాది" అంది.
అది మాత్రం సరిగ్గానే చెప్పాను.

ఫారంలో చివర ఒక గడి ఉంటుంది,
అనువాదంలో ఏమైనా ఇబ్బందులు?
ఎప్పుడూ లేవనే రాస్తాను.
ఆ రోజు కలం మూత పెట్టేసి
ఖాళీగానే ఇచ్చేశాను.