ముట్టుకోబాక

మాల్యాద్రి సారు నాకు నేర్పిన మొదటి మాట
"ముట్టుకోబాక."
రెండో మాట,
"తప్పదంటే ముందు నేలకి చెప్పి ముట్టుకో."

ముత్తుకూరు దాటినాక
ఉప్పుగాలి ఇనపగేటుని కొరికే చోట మా ప్లాంటు.
ఆ గాలికి ఈ గదిలోకి అనుమతి లేదు.
రెండు తలుపులు, ఏసీ చలి,
గోడవారన బూడిదరంగు బీరువా.
దాని కడుపులో పక్కపక్కన రెండు పెట్టెలు,
ఒకే మనిషి రెండు కుర్చీల్లో కూర్చున్నట్టు.
ఒకటి బాయిలరు నీళ్ళ లెక్క చూస్తుంటుంది.
రెండోది అదే లెక్కని
వేలు కదపకుండా తనలో తాను వేసుకుంటుంటుంది.
మధ్యలో నారింజరంగు ఫైబరు తీగ,
రెప్ప వేయని గుసగుస.

నాయనకి చెప్తే నవ్వాడు.
"ఇందులో వింతేముందే,
మన గుంట కాడ ఇంజన్లు రెండు లేవూ?"
ఉండాయి.
కరెంటు పోయిన రాత్రి రొయ్యకి ఊపిరాడాలంటే
గాలిచక్రాలు ఆగకూడదు.
అందుకని రెండో ఇంజన్ని ప్రతి శనివారం
పని లేకపోయినా తిప్పేవాడు.
ఒక్క వారం మరిచాడు, జ్వరం.
ఆ వారమే అది తుప్పుగొంతుతో రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
తెల్లారేసరికి గట్టెమ్మట రొయ్య,
పారతో ఎత్తాల్సినంత.
ఆ పార ఎక్కడ పెట్టాడో ఇప్పటికీ చెప్పడు.

మొన్న రాత్రి రెండూ ఇరవైకి
మొదటి పెట్టె నుదుట చిన్న ఎర్రదీపం.
మాల్యాద్రి సారు పోయిన నెల్లో రిటైరై కందుకూరు పోయాడు.
ఫోన్ తీశాను, పేరు దాకా పోయి
మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

ఆయనొకసారి తప్పు పెట్టె లాగాడంట.
ఒకే ఒక్కసారి చెప్పాడు, టీ గ్లాసులోకి చూస్తా.
నడిచేదాన్ని లాగాడు, పడుకున్నది ఇంకా లేవలేదు.
సేఫ్టీ వాల్వు గొంతెత్తితే
గోపాలపురం దాకా కుక్కలన్నీ లేచినాయంట.

నైలాన్ చున్నీ తీసి బయట కొక్కేనికి తగిలించాను.
గాజులు తీశాను.
మణికట్టుకి పట్టీ, పట్టీ కొసకి మొసలినోటి క్లిప్పు,
క్లిప్పుకి బీరువాలో రంగు లేని ఇనుము.
నేలా, నేను చెంగమ్మని.
నా ఒంట్లో ఎక్కడన్నా మెరుపు దాగుంటే
ముందు నువ్వు తీసుకో.

రెండో పెట్టె పచ్చదీపం చూశాను.
కళ్ళు మూసి తెరిచి మళ్ళీ చూశాను.
బరువు దాని భుజానికి మార్చాను.
తెరమీద నీటిమట్టం గీత
గుటక కూడా వేయలేదు.
చీటీ మీద నంబరు పైకి చదివాను, వినేవాళ్ళు లేకపోయినా.
గొళ్ళేలు రెండూ ఒక్కసారే నొక్కి,
అంచులు పట్టుకుని, తిన్నగా.
పిన్నుల జోలికి పోలేదు.
పాతదాన్ని గులాబీరంగు సంచిలో పెట్టాను,
కొత్తది తీసి నెట్టాను.
టక్.

ఇంక పసుపుదీపం.
ఉన్నది లేనిదానికి తనకి తెలిసిందంతా చెప్పుకోవాలి.
పదకొండు నిమిషాలు.
ఆ పదకొండు నిమిషాలూ
అంత ప్లాంటుకీ ఒకటే ప్రాణం.
నేను ఊపిరి తీసుకున్నానో లేదో
ఎక్కడా రికార్డు లేదు.

అవతలి గదిలోంచి ఖాదర్ బాషా వచ్చి
"ఏమన్నా అయిందా అక్కా?" అన్నాడు.
"ఏం కాలేదు."
"మరి చెమటలేంది, ఈ ఏసీలో?"
అప్పుడే పచ్చబడింది.

పుస్తకంలో రాశాను:
మాడ్యూల్ మార్చడమైనది. ప్రభావం, ఏమీ లేదు.
'ఏమీ లేదు' కింద
ఎందుకో చిన్న గీత గీశాను, సూపర్వైజరు అడుగుతాడేమో.

పొద్దున గుంట కాడికి పోతే
నాయన రెండో ఇంజను తిప్పుతా ఉన్నాడు.
అది ఒక్క పట్టుకే అందుకుంది.
నా చెయ్యి చూసి అన్నాడు,
"ఏందే ఆ మచ్చ,
గడియారం అంత బిగించి కట్టబాక."