పుత్తూరు కట్టు

నగరిలో మరమగ్గాల షెడ్డులో
పద్దెనిమిదేళ్లు పక్కపక్కనే నిలబడినాము
చెంగల్రాయులూ నేనూ.
ఆ చప్పుడులో మనిషి మాట మనిషికి చేరదు.
చేతులతోనే బతికినాము.
చిటికెన వేలు ఎత్తితే పోగు తెగిందని,
రెండు వేళ్లు పెదాలకు ఆనిస్తే టీకి పోదామని,
మీసం మెలేస్తే
సావుకారు వస్తా ఉండాడని.

నిద్ర పట్టడం లేదు అనేదానికి
మాకు సైగ లేదు.

ఆదివారం మిద్దె మెట్ల మీద జారి
ఎడం చెయ్యి విరిచుకున్నాడు.
జారినానని వాడు చెప్పినాడు.
నమ్మినానని నేను చెప్పినాను.

పుత్తూరు బస్సులో కిటికీ సీటు వాడికిచ్చినా.
మగ్గం మోత లేని చోట ఇద్దరం కూచుంటే
ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలవలేదు.
నూలు రేటు, వీధి కొళాయి, మళ్లా నూలు రేటు.
నగరి ముక్కుకొండ వెనక్కి పోయేటప్పటికి
అదీ అయిపోయింది.

కట్టు కట్టే చోట బెంచీ మీద
ఆ పూట అంతా మగోళ్లే.
ఒక తాపీ మేస్త్రి, ఒక లారీ డ్రైవరు,
తిరుత్తణి నుంచొచ్చిన కాలేజీ పిల్లోడు.
ఎముక విరిగితే మనకెంత గర్వమో!
ఎంత ఎత్తు నుంచి పడిందీ,
చటుక్కుమని ఎట్టా వినపడిందీ
కథలు కథలుగా చెప్పుకుంటా ఉండారు.

పెద్దాయన కళ్లు మూసుకోని
వేళ్లతో చూస్తా ఉండాడు.
పక్కన ఆకుపసరు, కోడిగుడ్డు సొన,
వెదురు బద్దలు, చింపిన పాత గుడ్డ.
"ఈడనా?"
"ఊ."
"ఈడ?"
"ఊ."
"ఇంకెక్కడన్నా నొప్పుందా నాయనా?"

అంతే అడిగింది.
వచ్చినోళ్లందరినీ అడిగే మాటే.
చెంగల్రాయులు నోరు తెరిచి,
మూసి,
గోడ మీది క్యాలెండరు దిక్కు చూసినాడు.
"లేద్సామీ" అన్నాడు.
కుడి చెయ్యి మాత్రం,
బాగుండే చెయ్యి,
తొడ మీద వణకతా ఉండింది.

నేను చూసినా.
చేతుల్ని చదివి బతికినోణ్ణి,
చూడకుండా ఎట్టా ఉంటా?

బయట చెరుకు రసం గ్లాసు ఆ చేతికే ఇచ్చి
ముందు నా సంగతి చెప్పినా.
షెడ్డు ఆరునెల్లు మూతబడిన ఏడు
నాకేమయిందో.
తెరిచినాక పదకొండో మగ్గం వెనక కూచోని
చప్పుడుండాది గదా అని
గొంతెత్తి ఏడ్చింది.
రుయాలో ఓపీ చీటీ కాడ ఏ డాక్టరని అడిగితే
పళ్ల డాక్టరని చెప్పి
ఆ వరసలో గంట నిలబడి ఇంటికొచ్చింది.
మళ్లా వారం నిజం చెప్పింది.
మాత్రలు చక్కెర డబ్బా వెనక దాస్తే
మా ఇంటామె చూసి, ఒక్క మాట అనకుండా
దినామూ ఆ డబ్బా పక్కన
గ్లాసుడు నీళ్లు పెట్టడం మొదలుపెట్టింది.

వాడు రసం తాగలేదు. ఐసు కరిగిపోయింది.
"నేను జారలేదురా" అన్నాడు.

కరెంటు పోయిన షెడ్డు మాదిరి
లోపలంతా నిలిచిపోయింది నాకు.

మగోడివి గదరా అనలేదు.
పిల్లల మొకం చూడు అనలేదు.
ఆ మాటలు నాకూ కట్టినారు అప్పట్లో,
విరిగిన చోటొకటైతే
ఇంకోచోట బిగించి.
"ఊ" అన్నా. "చెప్పు" అన్నా.
నాలుగు బస్సులు పోయినాయి.
ఐదోది కూడా పోనిచ్చినాము.

పొద్దున్నే తిరుపతికి పోయినాము ఇద్దరమూ.
ఇంట్లో చేతి కోసమని చెప్పమన్నాడు.
సరే అన్నా.
పళ్ల వరసలో నిలబడినోణ్ణే గదా నేనూ.

ఇప్పుడు ఒంటిచేత్తో పనిలోకి వస్తా ఉండాడు.
మాకొక కొత్త సైగ ఉండాది.
మణికట్టు మీద రెండు వేళ్లు ఆనిచ్చి
మగ్గాల మీదుగా వాడి వంక చూస్తా,
ఇంకెక్కడన్నా? అని.
ఒకోరోజు తల అడ్డంగా ఊపతాడు.
ఒకోరోజు ఊపడు.

ఆ రోజు నేను
మగ్గం ఆపతా.