రెండు సూదుల కుట్టు

వాల్సాల్‌లో వాన మొదలయ్యే వేళకి వచ్చాడు,
చంకలో చంటిబిడ్డలా బ్యాగు.
ల్యాప్‌టాప్ మాత్రం పాలిథిన్ కవర్లో.

తొమ్మిది వందల నలభై పౌండ్లు, అన్నాడు ఇంగ్లీషులో,
పేరు చెప్పకముందే.
పదకొండు నెలలకే పిడి ఊడింది.
రసీదు ఇంకా పెళపెళలాడుతోంది.

బ్యాగుని బల్ల మీద పడుకోబెట్టి
బొటనవేలితో ఒత్తి చూశాను.
మంచి తోలు ఒత్తితే ముడత పడుతుంది,
ముసలమ్మ మోచేతిలా.
ఇది పడలేదు.
పైపొర గీకేసి, రంగు పూసి,
తోలు మీద తోలు బొమ్మనే అచ్చు గుద్దారు.
ముల్లు గీరిన గుర్తు ఒక్కటీ లేదు.
జోరీగ కుట్టని గొడ్డు ఏ దేశంలో ఉంటుంది?

వాసన చూడండి, అసలు తోలు, అన్నాడు.
చూశాను.
సీసాలోంచి వంపిన వాసన.

బంగారు రింగుని గోటితో గీకితే
లోపల తెల్లటి జింకు.
అంచు రంగు పెచ్చులూడి నా ఒళ్లో రాలింది.
పిడి విప్పితే అట్ట,
బిస్కెట్ల డబ్బాలు చేస్తారే, ఆ అట్ట.
అట్ట మీద స్పాంజి, స్పాంజికి జిగురు,
రెండు కిలోల యంత్రాన్నీ, దాని ఛార్జర్నీ
రోజూ రైలెక్కించింది ఇదీ.

"పైన పటారం..." అనేశాను, నాలోనే అనుకుని.
ఆయన చటుక్కున తలెత్తాడు.
"లోన లొటారం!"
పగలబడి నవ్వాడు. "మనవాళ్లేనా?
ఏ ఊరమ్మా?"
చెప్పాను.
"ఇంటిపేరు?"
చెప్పాను.

తర్వాత కాసేపు వాన గురించి మాట్లాడాడు.
మళ్లీ ఇంగ్లీషులోకి వెళ్లిపోయాడు.

ఈ పని ఎక్కడ నేర్చుకున్నారు, అన్నాడు చివరికి.
గోడ మీద కాలేజీ సర్టిఫికెట్ ఉంది.
అడిగిన వాళ్లందరికీ దాన్నే చూపిస్తాను.
ఆ పూట మాత్రం చేతిలో ఆరె ఉంది,
మా తాత పోచయ్యది,
ఆయన పిడికిలికి అరిగిన కర్ర
నా పిడికిలికి ఇంకా కొంచెం పెద్దది.
"మా ఇంట్లో" అన్నాను, తెలుగులోనే.

సున్నం, తంగేడు చెక్క, లంద.
గాలి మా వాడ మీంచి తిరిగితే
ఊరు ఊరంతా కొంగులూ కండువాలూ ముక్కుకి కప్పుకునేది.
తాత కుట్టిన మోట బొక్కెన
పన్నెండేళ్లు నీళ్లు తోడింది.
ఆ నీళ్లు పారిన మడి మాది కాదు.
ఇవన్నీ ఆయనకి చెప్పలేదు.
బిల్లులో రాయడానికి వాటికి గడి లేదు.

కుట్టు గురించి మాత్రం చెప్పాను.
మెషీన్ కుట్టులో ఒక దారం తెగితే
రెండోది ఊడొస్తుంది, చొక్కా గుండీలా, ఎవరికీ చెప్పకుండా.
ఇది ఒకటే దారం, రెండు కొసలకి రెండు సూదులు,
ఒకే బెజ్జంలో ఎదురుపడి దాటుకుంటాయి.
ఒక పక్క తెగినా రెండో పక్క పట్టుకునే ఉంటుంది.
మా షాపు గ్లెన్ దీన్ని జీను కుట్టంటాడు.
తాత దీనికి పేరేమీ పెట్టినట్టు లేదు.

అరవై అయిదు పౌండ్లన్నాను.
"ఇంత చిన్న పిడికా?" అన్నాడు
తొమ్మిది వందల నలభై ఇచ్చిన మనిషి.
నేను తగ్గించలేదు.

గురువారం మళ్లీ వచ్చాడు.
ఓక్ చెక్కలో ఏడాది పైగా నానిన తోలు,
అంగుళానికి ఎనిమిది కుట్లు, మైనం రుద్దిన నార దారం.
లాగి చూశాడు. ఇంకోసారి, గట్టిగా.
"ఎన్నాళ్లుంటుంది?"
బ్యాగు ఇంకో రెండేళ్లు, అన్నాను.
అది చిరిగాక పిడి పట్టుకురండి,
వేరే బ్యాగుకి వేస్తాను.

థాంక్స్ అన్నాడో, థాంక్స్ అమ్మా అన్నాడో,
తలుపు గంట మోగి సరిగ్గా వినబడలేదు.

అద్దంలోంచి చూస్తే
బస్టాపులో నిలబడి
ఆ పిడి పట్టిన చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని ఉన్నాడు.
పీల్చుకోడానికో, మూసుకోడానికో
వానలో పోల్చుకోలేకపోయాను.